స్నెక్ పడిన చప్పుడు

పొట్టేలు రొమ్ముకి జేగురు పూసే పని కిట్ ఎవరికీ ఒప్పజెప్పేవాడు కాదు. కొడుకు రాల్ఫ్‌కి ముప్ఫయ్యేళ్ళు దాటినా, ఆ పనికి వాడి చెయ్యి ఇంకా లేతదే అనేవాడు. పాత గిన్నెలో జేగురు పొడి వేసి, నూనె పోసి, ముద్దయ్యేదాకా పిసికి, పొట్టేలుని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దాని ముందుకాళ్ళ నడుమ బొచ్చులోకి అరచేత్తో పట్టించేవాడు. పొట్టేలు ఏ గొర్రెని దాటితే ఆ గొర్రె నడుం మీద ఎర్రమచ్చ పడుతుంది. పొద్దున్నే ఆ మచ్చలు చూసుకుంటే, వసంతంలో ఏది ముందు ఈనుతుందో ఏది వెనక ఈనుతుందో తెలిసిపోతుంది.

ఆ సాయంత్రం అతని భార్య డైనా వంటింటి గడపలో నిలబడి చూస్తోంది. పొట్టేలు గింజుకుంది. కిట్ దాని చెవిలో ఏదో బూతుమాట అన్నాడు. అది ఊరుకుంది.

"చేతులు కడుక్కుని వెళ్ళు. మణికట్టు దాకా ఎరుపే" అంది డైనా.

"వచ్చాక కడుక్కుంటాలే. దీన్ని పైమడిలోకి తోలి, స్నెక్‌లు చూసి వస్తా."

స్వేల్ లోయలో గొళ్ళేన్ని స్నెక్ అంటారు. గేటుకున్న ఇనప నాలుక రాతిస్తంభం గాడిలో పడి టక్‌మంటుంది. కొండ మీద గొర్రెలు, కింద పచ్చిక, మధ్యలో రాతిగోడలు కట్టిన మడులు, గోడకో గేటు. అక్కడి బతుకంతా ఆ టక్ మీద నిలబడింది. పిల్లలకి ప్రార్థన కంటే ముందు నేర్పేది ఇదే: గేటు తీసినవాడు వెయ్యాలి, ఇద్దరు నడుస్తుంటే వెనకున్నవాడు వెయ్యాలి. ఇల్లు వదిలి ఎవరు బయలుదేరినా జాగ్రత్త అనరు, మంచిది అనరు. "స్నెక్ చూసుకో" అంటారు. సంతకి వెళ్ళేవాడికీ అదే, యుద్ధానికి వెళ్ళినవాడికీ అదే. డైనా తన తమ్ముడితో ఆఖరిసారి అన్న మాట కూడా అదే. వాడు నవ్వుతూ గేటు వేసి, అది పడిందో లేదో మళ్ళీ ఒకసారి కదిపి చూసి మరీ వెళ్ళాడు.

"స్నెక్ చూసుకో" అంది కిట్‌తో. అతను వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తాడు.

లోపల రాతిబండ మీద ముందురోజు కోసిన పంది పక్కలు పరిచి ఉన్నాయి. వాటికి ఉప్పు రుద్దాలి. ఒక వైపు అయ్యాక బోర్లించి రెండో వైపు రుద్దాలి. పాలేరు రూబెన్ పశువుల కొట్టంలోంచి వచ్చి టోపీ పెట్టుకుంటున్నాడు.

"ఎటు బయలుదేరావు? ఈ పంది నా ఒక్కదానికి లొంగదు. పట్టు."

"ఒక్కసారి పైకి వెళ్ళొస్తానమ్మా. వచ్చి చేస్తాను."

"పైన ఏముంది? పెద్దయ్య వెళ్ళాడుగా. అటు చివర పట్టుకో."

రూబెన్ టోపీ తీసి మేకుకి తగిలించాడు. యాభై దాటిన మనిషి. చేతులు పెద్దవి, మాటలు కొద్ది. ఇద్దరూ ఉప్పు తీసుకుని మాంసంలోకి అరచేతి మడమలతో నొక్కుతూ రుద్దసాగారు. ఎముక పక్కన సందులోకి ఉప్పు వెళ్ళకపోతే అక్కడే చెడుతుంది. రూబెన్ బొటనవేలితో అక్కడ కూరుతున్నాడు. కానీ మాటిమాటికీ తల ఎత్తి కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఏంటయ్యా, కిటికీలో ఎవరైనా పడుచుపిల్ల నిలబడిందా?"

"ఈ వయసులో నాకు పడుచుపిల్లెందుకమ్మా. వానొచ్చేట్టుంది."

"వానొస్తే తడిసేది పెద్దయ్య. నువ్వు కాదుగా."

పంది పక్క బోర్లించేసరికి వాన మొదలైంది. పని అయ్యేసరికి చీకటి పడింది. అప్పటికే కిట్ తిరిగొచ్చి, తొట్టెలో చేతులు ముంచి రుద్దుకుంటున్నాడు. నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి.

"అన్నీ వేసే ఉన్నాయా?" అని డైనా అడిగింది, అలవాటు కొద్దీ.

"వెయ్యకపోతే నేను కిట్‌ని ఎలా అవుతాను?" అన్నాడు.

*

పొద్దున్నే రాల్ఫ్ బురద బూట్లతో నేరుగా వంటింట్లోకి వచ్చాడు. ఆ ఇంట్లో ఎవరూ చేయని పని అది. డైనా చేతిలో గరిటె ఆగిపోయింది.

"కింది పచ్చికలో మన పిల్లగొర్రెలన్నీ ఎర్రబడి ఉన్నాయి" అన్నాడు. "పొట్టేలు వాటి మధ్య పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. పైమడి గేటు బార్లా తెరిచి ఉంది."

ఆ పిల్లగొర్రెలు ఈ వసంతంలో పుట్టినవి. పాలు మరిచి ఎన్నాళ్ళో కాలేదు. వచ్చే ఏడు ఆగి, ఆపై ఏడు ఈనవలసినవి. ఇప్పుడే చూలు కడితే మంచు కరిగే రోజుల్లో ఈనలేక సగం చస్తాయి. బతికినవి జీవితమంతా గిడసబారి ఉంటాయి. ఆ మందని తయారుచేయడానికి కిట్ తన వయసంతా పెట్టాడు.

రాల్ఫ్ బల్ల దగ్గర కూర్చున్న రూబెన్ వైపు తిరిగాడు. "నాన్న ఏనాడూ గేటు వదల్లేదు. నిన్న పైమడికి ఎండుగడ్డి మోసింది ఎవరు?"

"నేనే."

"గేటు వేశావా?"

రూబెన్ చూపు ఒక్కసారి కిట్ మీదకి వెళ్ళింది. కిట్ జావలో పాలు పోసుకుంటున్నాడు. రూబెన్ చూపు దించి తన చేతుల్ని చూసుకున్నాడు.

"నేనే వెళ్ళాను బాబూ" అన్నాడు.

"అది కాదు నేనడిగింది. వేశావా లేదా?"

అప్పుడు కిట్ చెంచా కింద పెట్టాడు.

"గేటు తెరిచి వదిలేవాడికి ఈ బల్ల దగ్గర రొట్టె లేదు. మా నాన్న చెప్పేవాడు, నేనూ చెబుతున్నా. నువ్వా రూబెన్? నువ్వు?"

"అవునయ్యా" అన్నాడు రూబెన్. అది ఒప్పుకోలో, ఆ సూత్రానికి తల ఊపడమో తెలియలేదు. లేచి, సగం తిన్న గిన్నె తీసుకెళ్ళి తొట్టె పక్కన పెట్టి, బయటికి నడిచాడు.

మగవాళ్ళు పిల్లగొర్రెల్ని వేరుచేయడానికి వెళ్ళాక డైనా శాలువా కప్పుకుని పైమడి గేటు దాకా ఎక్కింది. ఎందుకో తనకే తెలియదు. రూబెన్ ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్క గేటూ ఊగుతూ వదిలినట్టు ఆమె ఎరగదు. తలుపు లాగి మళ్ళీ కదిపి చూసుకునే మనిషి, ఆమె తమ్ముడిలాగే.

గేటు ఇప్పుడు వేసి ఉంది. ఇనప నాలుక మీద, వేలు పెట్టి ఎత్తే చోట, ఎర్రటి బొటనవేలి ముద్ర ఉంది. నూనె కలిపిన జేగురు కాబట్టి వాన కడగలేకపోయింది. గేటు పైకొయ్య మీద కూడా నాలుగు వేళ్ళు బారుగా పడ్డాయి.

నిన్న జేగురు అంటిన చెయ్యి ఒక్కటే.

డైనా కొండ వైపు చూసింది, ఇంటి వైపు చూసింది. పోయిన వేసవిలో కిట్ చర్చి నుంచి ఇంటికి వస్తూ, పుట్టి పెరిగిన దారిలో తప్పి, ఏటి ఒడ్డున కూర్చుని దొరికాడు. ఆ రోజు రాల్ఫ్ అన్నాడు, "మళ్ళీ ఇలా అయితే గదిలో ఉంచి బయట గడియ పెట్టాల్సిందే అమ్మా. ఏట్లో పడితే?" కోపంతో అనలేదు. భయంతో అన్నాడు. అందుకే ఆ మాట ఆమె లోపల దిగబడిపోయింది. కోపం పోతుంది. భయం పోదు.

ఆమె ఏప్రాన్ కొంగు మడిచి ముద్రని తుడిచింది. ఉమ్మి తడిచేసి మళ్ళీ తుడిచింది. కొయ్య మీది వేళ్ళు పోలేదు. పిడికెడు బురద తీసి వాటి మీద పులిమింది. తర్వాత గేటు తీసి, వేసి, టక్‌మన్నాక కిందికి దిగింది.

*

నవంబరులో వచ్చే మార్టిన్మస్ పండగకి ఆ లోయలో పాలేర్ల ఏడాది ముగుస్తుంది. పండగ ఇంకా కొద్ది రోజులుందనగా యజమాని పాలేరుని ఒక్కమాట అడుగుతాడు: "ఉంటావా?" పాలేరు "ఉంటా" అంటే మరో ఏడాది. అడగకపోతే మనిషి పెట్టె సర్దుకుని సంతకి పోవాల్సిందే. అడగకపోవడమే పొమ్మనడం. అంతకు మించి ఎవరూ ఏమీ అనరు.

రూబెన్‌ని ఎప్పుడూ కిట్టే అడిగేవాడు. రెండేళ్ళుగా రాల్ఫ్ అడుగుతున్నాడు. ఈసారి రోజులు గడుస్తున్నాయి, రాల్ఫ్ అడగడం లేదు. బల్ల దగ్గర ఉప్పుగిన్నె ఇటివ్వు, దీపం కాస్త తగ్గించు, అంతే మాటలు. రూబెన్ మామూలుగానే పాలు పితుకుతున్నాడు, గడ్డి వేస్తున్నాడు, సాయంత్రం కాగానే టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళి చీకటిపడ్డాక వస్తున్నాడు. డైనా అతని గిన్నెలో మాంసం ముక్క ఎక్కువ వేసేది. అతను దాన్ని ఒకసారి చూసి తినేవాడు.

చెబుదామని నోరు తెరిచేది. ఎదురుగా కిట్ జావలో రెండోసారి ఉప్పు వేసుకుంటూ కనబడేవాడు. నోరు మూసుకునేది.

ఏప్రాన్ మరక పోలేదు. సోడాలో నానబెట్టింది, బండకి బాదింది. ఎరుపు గులాబిరంగయింది గాని పోలేదు. దండెం మీద ఆరేస్తుంటే కిట్ వెనక నుంచి వచ్చాడు.

"ఏమే, ఏ పొట్టేలు దాటింది నిన్ను?"

ఎన్నాళ్ళకో అతని నోట్లోంచి పాత సరసం వచ్చింది. డైనాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే దండెం మీది తడి ఏప్రాన్‌లో మొహం పెట్టేసుకుంది. కిట్ కాసేపు చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "చలి పట్టింది నీకు. లోపలికి పద" అన్నాడు. ఆ తర్వాత, "రూబెన్ ఎక్కడున్నాడు? గడ్డి వేశాడా?" అన్నాడు. రూబెన్ మీద తాను అరిచిన సంగతి అతనికి గుర్తేలేదు.

*

శనివారం రిచ్మండ్ సంత. డైనా వెన్న, గుడ్లు సర్దుకుని రాల్ఫ్‌తో బండిలో వెళ్ళింది. రూబెన్ వాళ్ళకంటే ముందే బయలుదేరి నడిచివెళ్ళాడు. బండిలో చోటుంది, కానీ అతను అడగలేదు, రాల్ఫ్ రమ్మనలేదు.

కొత్త ఏడాదికి పని వెతుక్కునే పాలేర్ల వరస గడియారం కింద నిలబడింది. గుర్రాల పని చేసేవాళ్ళ టోపీల్లో కొరడా తాడు, గొర్రెల కాపరుల టోపీల్లో ఉన్ని పీచు. అందరూ మీసాలు సరిగా రాని కుర్రాళ్ళు, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ నవ్వుకుంటున్నారు. చివర రూబెన్ నిలబడ్డాడు. ఆదివారం కోటు వేసుకున్నాడు. టోపీలో ఉన్ని పీచు పెట్టుకున్నాడు. ఆ తెల్ల పీచు అతని నెరిసిన జుట్టులో కలిసిపోయి కనబడడం లేదు.

లోయ చిన్నది. మాట ముందే వచ్చేసింది.

"ఓ రూబెన్" అన్నాడు తెలిసిన రైతు ఒకడు, పైపు నోట్లో పెట్టుకునే. "నాకు గోడలే తప్ప గేట్లు లేని పొలం ఒకటుంటే నిన్నే పెట్టుకుందును."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇంకొకడు, "స్నెక్ వెయ్యడం నేర్పడానికి మనం జీతమివ్వాలా, అతనిస్తాడా?" అన్నాడు. రూబెన్ కూడా కొంచెం నవ్వాడు, నవ్వకపోతే ఇంకా అంటారని.

డైనా వెన్నబుట్టతో ఎదురు అరుగు మీద ఉంది. లేచి వెళ్ళి ఆ పైపు మనిషితో, గేటు వదిలిన చెయ్యి ఇతనిది కాదు అని చెప్పాలి. ఇటు నుంచి అటుకి రాళ్ళు పరిచిన ఒక్క వీధి, అంతే. ఆమె లేచింది కూడా.

"ఈ వెన్న ఎలా ఇస్తావమ్మా?" అని ఎవరో ఆవిడ బుట్ట మీద గుడ్డ ఎత్తింది.

డైనా ధర చెప్పింది. ఆవిడ గీసి రుచి చూసింది, ఉప్పు ఎక్కువైందంది, ఇంకో ముద్ద చూపమంది. డైనా మళ్ళీ తల ఎత్తేసరికి రూబెన్ ముందు కింది మైదానాల నుంచి వచ్చిన లావాటి మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఆ మనిషి రూబెన్ జబ్బ పట్టుకుని నొక్కి చూశాడు, గుర్రాన్ని చూసినట్టు. ఏదో అడిగాడు. రూబెన్ తల ఊపాడు. ఆ మనిషి జేబులోంచి నాణెం తీసి రూబెన్ అరచేతిలో పెట్టాడు.

అది బయానా. అక్కడివాళ్ళు దాన్ని కట్టుపెన్నీ అంటారు. అరచేతిలో పడ్డాక గుప్పిట మూసుకుంటే మనిషి ఏడాదికి కట్టుబడినట్టే. రూబెన్ దాన్ని ఒక్క క్షణం చూశాడు. తర్వాత అతని వేళ్ళు ఒకటొకటిగా మూసుకున్నాయి.

*

తిరుగుదారిలో కొండ ఎక్కుతున్నప్పుడు డైనా చెప్పింది. ముందుమాటేమీ లేకుండా చెప్పింది.

"ఆ గేటు మీ నాన్న వదిలాడు. స్నెక్ మీద జేగురు వేలిముద్ర ఉంది. నేను తుడిచేశాను."

రాల్ఫ్ కళ్ళెం లాగాడు. గుర్రం ఆగింది. అతను బండి దిగి, బాగానే ఉన్న పట్టెడని విప్పి, మళ్ళీ బిగించాడు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"గదికి బయట గడియ పెడతానన్నావుగా."

"ఎవరికి?"

"మీ నాన్నకి. ఏటి దగ్గర దొరికిన రోజు."

రాల్ఫ్ మొహం చూస్తే ఆ మాట అన్నట్టు అతనికి గుర్తులేదని ఆమెకి తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె మోసిన బరువుని అతను ఆ రోజే అక్కడే దించేసి పోయాడు.

ఇంటికి చేరాక రాల్ఫ్ గుర్రాన్ని విప్పకుండానే పశువుల కొట్టంలోకి వెళ్ళాడు. రూబెన్ ఎవరి బండో ఎక్కి ముందే వచ్చేశాడు. కోటు మార్చుకుని, ఆవు పక్కకి నుదురు ఆనించి పాలు పితుకుతున్నాడు. డైనా గుమ్మం బయటే నిలబడిపోయింది.

"రూబెన్" అన్నాడు రాల్ఫ్. "ఉంటావా?"

బకెట్లో పాలధార చప్పుడు ఆగలేదు.

"అడిగావు. చాలు బాబూ."

"అమ్మ చెప్పింది. నాదే తప్పు. ఆ నాణెం నాకియ్యి. సోమవారం నేనే వెళ్ళి అతని మొహాన తిరిగిచ్చేసి వస్తాను. అందరూ చేసేదేగా."

"అందరూ చేస్తారు" అన్నాడు రూబెన్. "నేను చెయ్యలేను. గేటు వదిలేస్తాడన్నారు. రేపు మాట కూడా వదిలేస్తాడంటారు. అప్పుడు మొదటిది కూడా నిజమైపోతుంది."

"నేను లోయంతా చెబుతాను, నువ్వు కాదని."

"ఎవరని చెబుతావు?"

రూబెన్ చివరి ధారలు తీసి, స్టూలు వెనక్కి జరిపి, బకెట్ ఎత్తి అతని చేతికిచ్చాడు. "దీన్ని లోపలికి తీసుకెళ్ళు. ఆవు తన్నుతుంది, నువ్వు గట్టిగా మాట్లాడుతున్నావు."

*

సోమవారం పొద్దున్నే రూబెన్ పెట్టె గుమ్మంలోకి వచ్చింది. చిన్న చెక్కపెట్టె, తాడుతో కట్టినది. డైనా ఓట్ల రొట్టెలు, ఉడికించిన పంది మాంసం, ఒక జున్ను ముక్క గుడ్డలో కట్టి ఇచ్చింది. ఆమె వేసిన ముడి జారిపోయింది. రూబెన్ తీసుకుని తనే వేసుకున్నాడు.

"నాకు ముందే తెలుసమ్మా" అన్నాడు, ముడి వైపు చూస్తూ. "బల్ల దగ్గర్నుంచి లేచాక, మీకంటే ముందు నేనే ఆ గేటు వెయ్యడానికి వెళ్ళాను. ఎర్రముద్ర చూశాను. తుడుద్దామనుకున్నా, రాల్ఫ్ వస్తున్నాడు."

"మరి బల్ల దగ్గర ఎందుకు చెప్పలేదు?"

రూబెన్ మూటని పెట్టె తాడు కింద దోపాడు.

"పోయిన శీతాకాలం నుంచి పెద్దయ్య గేట్లు వదిలేస్తున్నాడు. తీస్తాడు, దాటతాడు, పోతాడు. మొదటిసారి చూసి, వెనకాలే వెళ్ళి వేశాను. అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాను. ఒక మడి దూరం వెనక. ఆయన తీసింది నేను వేసుకుంటూ."

డైనాకి కిటికీ గుర్తొచ్చింది. మేకుకి తగిలించిన టోపీ గుర్తొచ్చింది.

"ఆ రోజు నేను నిన్ను పట్టి కూర్చోబెట్టాను" అంది. "పంది కోసం."

"మీరు పట్టినా నేను లేచి వెళ్ళాల్సింది. వానగా ఉంది, చీకటి పడింది, ఒక్కరోజుకేమవుతుందిలే అనుకున్నాను. అది నాదే. అందుకే రాల్ఫ్ అడిగినప్పుడు వేశాననడానికి నోరు రాలేదు." తలుపు వైపు చూశాడు. "గేట్లు చూసి రావడం మాన్పిస్తే ఆయన పొయ్యి ముందు కూర్చుని పోతాడమ్మా. అదొక్కటీ మాన్పించకండి. ఏటిపక్క గేటు కొంచెం కుంగింది, ఎత్తి వెయ్యాలి. లేకపోతే పడినట్టే ఉంటుంది, పడదు."

బండివాడు రోడ్డు మీంచి కేకేశాడు. రూబెన్ పెట్టె భుజానికెత్తుకున్నాడు. రాల్ఫ్ వచ్చి ఒకవైపు పట్టుకోబోతే వద్దన్నాడు, ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. కిట్ వాకిలి గోడ మీద కూర్చుని పైపు గీకుతున్నాడు.

"ఎటురా పెట్టెతో?"

"కిందికి వెళ్తున్నానయ్యా."

"వచ్చేటప్పుడు పొగాకు తే. నల్లది. పోయినసారిలా చెత్త తేకు."

"అలాగేనయ్యా."

"స్నెక్ చూసుకో."

రూబెన్ వాకిలి గేటు దాటి, పెట్టె దింపి, రెండు చేతులతో గేటు వేశాడు. ఇనప నాలుక టక్‌మంది. అది పడిందో లేదో ఒకసారి కదిపి చూశాడు. డైనా మొహం తిప్పుకుంది. మళ్ళీ చూసేసరికి బండి మలుపు తిరిగింది.

*

సాయంత్రం కిట్ కర్ర అందుకున్నాడు. రాల్ఫ్ తల్లి వైపు చూశాడు.

"ఇక నాన్నని ఒంటరిగా పంపకూడదమ్మా. నేను వెళ్తాను."

"నీకు పాలు పితకాలి. మనిషి లేడుగా. నేను వెళ్తాను."

"ఈ మోకాళ్ళతోనా?"

"మెల్లగా వెళ్తాను. ఆయనకేం తొందరా?"

శాలువా బిగించి కట్టుకుని, కిట్ మొదటి గేటు చేరేదాకా ఆగి, బయలుదేరింది. రూబెన్ చెప్పినట్టే ఒక మడి దూరం వెనక నడిచింది. గాలి లేదు. కొండ మీద గొర్రెలు గడ్డి పీకే చప్పుడు వినబడుతోంది. పిల్లగొర్రెల మంద గోడపక్కకి జరిగింది. వాటి నడుముల మీద ఎరుపు ఇంకా వెలవలేదు.

కిట్ గేటు తీశాడు, దాటాడు, వెనక్కి చూడకుండా నడిచిపోయాడు. గేటు తెరిచే ఉంది. డైనా దాన్ని దగ్గరికి లాగి వేసింది. రెండోదీ అంతే. కిట్ నడక నిబ్బరంగా ఉంది. ఇంట్లో ఉన్న కిట్ కాదు. ఏ గోడలో ఏ రాయి జారిందో కర్రతో తట్టి చూసుకుంటూ పోతున్నాడు. మతిమరుపు మనిషిలా లేడు.

ఏటిపక్క గేటు దగ్గర డైనాకి ఆయాసం వచ్చింది. గేటు బరువుగా కుంగి ఉంది. ఎత్తి వెయ్యాలన్న మాట గుర్తుంది గాని చేతుల్లో బలం చాలలేదు. ఇనప నాలుక గాడిలో పడకుండా రాతికి గీసుకుని ఆగిపోయింది.

అవతల కిట్ ఆగాడు. వెనక్కి తిరగలేదు. కర్ర మీద రెండు చేతులూ పెట్టి, తల కాస్త పక్కకి వంచి, వింటున్నాడు.

డైనాకి అప్పుడు అర్థమైంది. అతను వదిలేసి పోవడం లేదు. ఏ రోజూ వదిలేసి పోలేదు. వెనక మనిషి ఉన్నాడని అతనికి తెలుసు. ఇద్దరు నడుస్తుంటే వెనకున్నవాడు వెయ్యాలి. ఆ వానరోజు కూడా అతను అలాగే గేటు తీసి, వెనకవాడికి వదిలి, ముందుకి నడిచి ఉంటాడు.

"రూబెన్" అన్నాడు కిట్, కొండ వైపే చూస్తూ. "వేశావురా?"

ఆమె నోరు తెరిచింది. తన గొంతు వింటే అతను వెనక్కి తిరుగుతాడు. తిరిగితే రూబెన్ లేడని చూస్తాడు. ఎక్కడికి వెళ్ళాడని అడుగుతాడు. ఇవాళ చెప్పాలి, రేపు మళ్ళీ చెప్పాలి.

గేటు కింద భుజం ఆనించి, మోకాలు మోపి, ఉన్న బలమంతా పెట్టి ఎత్తింది. ఇనప నాలుకని వేలితో పైకి లేపి వదిలింది. అది పడింది. చాలదేమోనని మళ్ళీ లేపి, అతనికి వినబడేలా, గట్టిగా వదిలింది.

టక్.

కిట్ తల ఊపి ముందుకి నడిచాడు.